తొమ్మిదో నెలలో వేసే మెదడువాపు టీకా: మా పాపకి రెండు డోసులూ అయ్యాక రాస్తున్న రివ్యూ

దోమల మీద మన ఇళ్లలో పెట్టే ఖర్చు తక్కువేం కాదు. లిక్విడ్ రీఫిల్, కాయిల్, కరెంటు బ్యాటు, కిటికీలకి మెష్, ఒంటికి రాసే క్రీము, ఇలా ప్రతిదానికీ ఆన్‌లైన్‌లో రివ్యూలు కుప్పలుగా ఉన్నాయి. ఊళ్లో రూపాయి తీసుకోకుండా వేసే మెదడువాపు టీకా గురించి మాత్రం వేయించిన తల్లి ఎవరైనా నాలుగు ముక్కలు రాశారేమో అని వెతికితే నాకు ఏమీ దొరకలేదు, అందుకే రాస్తున్నా. మాది కరీంనగర్ వైపు పల్లె. పాపకి రెండు డోసులూ మా ఊరి సబ్ సెంటర్‌లోనే వేయించాం. టీకాకి ఐదుకి ఐదు ఇస్తాను, ఆలోచించక్కర్లేదు. అది మన దాకా వచ్చే పద్ధతికి మాత్రం మూడున్నర.

టీకాల కార్డులో జేఈ-1, జేఈ-2 అని రెండు గళ్లు ఉంటాయి చూడండి, అదే ఇది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు వ్యాధికి వేస్తారు. తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. దేశమంతా వెయ్యరు, ఈ జబ్బు ఉన్న జిల్లాల్లోనే వేస్తారు, కాబట్టి మీ చుట్టాల పిల్లల కార్డులో ఆ గళ్లు ఖాళీగా ఉంటే వాళ్లు మానేశారని అనుకోకండి, వాళ్ల జిల్లా లిస్టులో లేకపోయి ఉండొచ్చు.

మొదటి డోసు రోజు సంగతి చెప్తా, ఎందుకంటే చాలామంది తల్లులకి టెన్షన్ అక్కడే. తొమ్మిదో నెలలో ఇదొక్కటే కాదు, మీజిల్స్-రుబెల్లా, న్యుమోనియా టీకా బూస్టరు, పోలియో సూది, విటమిన్ ఏ చుక్కలు కూడా అప్పుడే ఉంటాయి. లిస్టు వినగానే మా అత్తమ్మ "ఒక్క పూటే గిన్ని సూదులేంది బిడ్డకు, సగం వచ్చే వారం ఏద్దాం" అంది. మా ఏఎన్ఎమ్ (సబ్ సెంటర్ నర్సు) అక్క ఓపిగ్గా చెప్పింది: "ఒక్కో సూది ఒక్కో చోట వేస్తా పెద్దమ్మా, ఒకదానికొకటి అడ్డం రాదు. వచ్చే వారం అంటరు, మళ్లీ రారు." ఆమె అన్న ఆ చివరి మాట ఎంత నిజమో ఊళ్లో చూస్తూనే ఉన్నా. జేఈ సూది పాపకి ఎడమ తొడకి వేసింది. అరగంట అక్కడే కూర్చోబెట్టారు. రాత్రికి ఒళ్లు కొంచెం వెచ్చబడింది, పాప బరువుని బట్టి రాసిచ్చిన పారాసిటమాల్ వేశాం, తెల్లారేసరికి మామూలే. సూది వేసిన చోట కాస్త గట్టిగా ఉండి అదే తగ్గింది. అంతకు మించి ఏ ఇబ్బందీ రాలేదు.

తొడకి వేశారా, చేతికి వేశారా అన్నదాన్ని బట్టి మీ బిడ్డకి ఏ రకం పడిందో తెలుస్తుంది. ప్రభుత్వం తరఫున రెండు రకాలు వాడుతున్నారు. ఒకటి చైనాలో తయారయ్యే ఎస్‌ఏ 14-14-2, బలం తగ్గించిన బతికున్న వైరస్, పొడి రూపంలో వస్తుంది, దాన్ని దాంతో పాటే వచ్చే ద్రవంతో కలిపి ఎడమ చేతికి చర్మం కింద వేస్తారు. రెండోది చంపేసిన వైరస్‌తో చేసిన జెన్‌వ్యాక్, ద్రవంగానే వస్తుంది, తొడ కండకి వేస్తారు. ఈ జెన్‌వ్యాక్ మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసింది, 2013లో బయటికి వచ్చింది. అందులో వాడిన వైరస్ కర్ణాటకలోని కోలారులో జబ్బు పడిన మనిషి నుంచి పుణె వైరాలజీ సంస్థ వాళ్లు తీసింది. అంతకు ఏడాది ముందు హైదరాబాద్‌లోనే బయొలాజికల్-ఇ కంపెనీ జీవ్ అనే టీకా తెచ్చింది, అది ఎక్కువగా ప్రైవేటులో దొరుకుతుంది. ఒకప్పుడు హిమాచల్‌లోని కసౌలీ సంస్థలో ఎలుక మెదడు నుంచి తయారుచేసిన టీకా వాడేవాళ్లు, డోసులు ఎక్కువ, దిగుబడి తక్కువ, అది ఎప్పుడో ఆపేశారు. ఇప్పుడు పిల్లలకి వేసేది దానికంటే చాలా మెరుగైనది, పాత భయాలు దీనికి అంటగట్టొద్దు.

పని చేస్తుందా అంటే, చేస్తుంది. ఎస్‌ఏ 14-14-2 మీద నేపాల్‌లో జరిగిన పరిశీలనల్లో ఒక్క డోసుతోనే 1999 సీజన్‌లో 99 శాతం, ఐదేళ్ల తర్వాత కూడా 96 శాతం దాకా రక్షణ కనిపించింది. మన దేశంలో అంత ఎక్కువగా నిలబడలేదు, అందుకే 2013 నుంచి రెండో డోసు పెట్టారు. కాబట్టి "మొదటిది వేయించాం కదా, చాల్లే" అనేవాళ్లు ఒకసారి ఆగండి. రెండోది ఊరికే పెట్టలేదు.

అసలు ఈ టీకా గురించి నేను ఇంత పట్టుబట్టి రాయడానికి కారణం వేరే ఉంది. మీజిల్స్, పోలియో లాంటివి మనిషి నుంచి మనిషికి పాకుతాయి. ఊళ్లో ఎక్కువమంది పిల్లలకి టీకా పడితే వైరస్‌కి దారి మూసుకుపోయి, వేయించుకోని ఒకరిద్దరు కూడా బయటపడతారు. మెదడువాపులో ఆ లెక్క లేదు. ఇది మనిషి నుంచి మనిషికి రాదు. జబ్బు పడిన మనిషిని కుట్టిన దోమకి కూడా వైరస్ అంటదు, ఎందుకంటే మన రక్తంలో అది అంత ఎక్కువగా ఉండదు. వైరస్ తిరిగేదంతా కొంగలు, పందులు, దోమల మధ్యనే, దారిలో మన పిల్లలు తగులుతారు. అంటే వాడకట్టులో పిల్లలందరికీ టీకా పడినా, మీ బిడ్డకి పడకపోతే ఆ బిడ్డకి ఉండే ప్రమాదం పిసరంత కూడా తగ్గదు. ఎవరి గొడుగు వాళ్లదే. ఇది నాకు తెలిసినప్పటి నుంచి ఊళ్లో కనిపించిన ప్రతి తల్లికీ చెప్తున్నాను.

"ఈ మధ్య కేసులే లేవుగా" అనేవాళ్లకి కూడా ఇదే జవాబు. కేసులు తగ్గడానికి పిల్లలకి టీకాలు పడటం ఒక పెద్ద కారణం. అంతే గానీ వైరస్ ఊరు విడిచి పోలేదు, కొంగలకి ఎవరూ సూది వేయలేదు.

మా ఊరు చూస్తే ఈ జబ్బు దారి అంతా కళ్ల ముందే ఉంటుంది. చుట్టూ వరి. కాకతీయ కాలువ నీళ్లు, బోర్లు, రెండు పంటలు. నాట్లేశాక మళ్లలో నిలబడే నీళ్లలోనే క్యూలెక్స్ విష్ణుయి జాతి దోమలు గుడ్లు పెడతాయి. తెల్ల కొంగలు, నారాయణ పక్షులు ఆ మళ్లలోనే తిరుగుతాయి, వాటి ఒంట్లో వైరస్ ఉన్నా వాటికి ఏమీ కాదు. వాటిని కుట్టిన దోమ పందిని కుడుతుంది. పంది రక్తంలో వైరస్ కొద్ది రోజుల పాటు బాగా పెరిగిపోతుంది, మళ్లీ దాన్ని కుట్టిన దోమలన్నీ వైరస్ మోస్తాయి. పందులు తొందరగా ఈనుతాయి కదా, వైరస్‌ని ఎప్పుడూ చూడని కొత్త పిల్లలు ఎప్పటికప్పుడు దానికి దొరుకుతూనే ఉంటాయి. ఆవులు, బర్రెల రక్తమంటే ఈ దోమలకి మనిషి రక్తం కన్నా ఇష్టం, కానీ పశువుల్లో వైరస్ పెరగదు, కాబట్టి అవి జబ్బుని పెంచవు. వానాకాలం పంటకి మళ్లు నిండాక దోమలు లెక్కకు మించి పెరిగితే, అప్పుడు మనుషుల వైపు కూడా వస్తాయి. దక్షిణాదిలో ఈ జబ్బు ఎక్కువగా అక్టోబర్, నవంబర్లలో వచ్చేది అందుకే.

ఇప్పుడు లిక్విడ్ మిషన్ల దగ్గరికి వద్దాం. అవి తలుపులేసిన గదిలో పనిచేస్తాయి. ఈ దోమ కుట్టేది పొద్దుగూకాక, ఎక్కువగా బయట, కొట్టం దగ్గర, అరుగు మీద, చిన్నపిల్లలు ఆడుకునే చోట. గదిలో మిషన్ పెట్టి పిల్లని వాకిట్లో ఆడిస్తే లాభం ఏముంటుంది? దోమతెర మంచిదే, మేమూ కడతాం, కానీ పాప సాయంత్రం ఆరింటికే తెరలోకి పోదు కదా. డెంగీ దోమ పగలు కుట్టి ఇంటి చుట్టూ ఉన్న డబ్బాల్లో, టైర్లలో పెరిగేది, దానికి మనం నీళ్లు పారబోయొచ్చు. వరి మడిలో నీళ్లు ఎవరు పారబోస్తారు?

ఫాగింగ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కడ కేసు వచ్చినా మొదట కనిపించేది పొగ బండే. దానివల్ల ఆ పూట ఎగురుతున్న దోమలు చస్తాయి. కేసు తేలిన ఊళ్లో వెంటనే పొగ పెట్టడం తప్పనను, కానీ అక్కడితో పని అయిపోయిందనుకుంటేనే చిక్కు. ఎకరాల కొద్దీ మళ్లలో ఉన్న లార్వాకి (నీళ్లలో ఉండే దోమ పిల్లపురుగులకి) పొగ తగలదు, రెండు రోజుల్లో కొత్త దోమలు లేస్తాయి, పైగా ఇవి కిలోమీటర్ల దూరం ఎగరగలవు. పందుల్ని ఊరికి దూరంగా పెట్టించడం, కొట్టాలకి జాలీ కట్టించడం కొంత ఉపయోగం, కానీ ఆ పందుల మీదే బతికే కుటుంబాలకి వేరే దారి చూపకుండా తరిమితే పక్క ఊరికి తోలుకుపోతారు, అంతే. పొలంలో చేయగలిగింది నిజంగా ఒకటి ఉంది. మడిలో నీళ్లు ఎప్పుడూ నిలబెట్టకుండా ఆరబెట్టి మళ్లీ పెట్టే పద్ధతిలో లార్వా చచ్చిపోతుంది. తమిళనాడులో మదురై పరిశోధన కేంద్రం వాళ్లు దీనికి తోడు యూరియాకి వేపపిండి పట్టించి చల్లి చూస్తే ఈ దోమల లార్వా బాగా తగ్గింది. అయితే నీళ్లు ఎప్పుడు వస్తాయో తెలియని చోట మడి ఆరబెట్టమంటే ఏ రైతూ ధైర్యం చేయడు, ఒక్కరు చేసినా చాలదు, ఆయకట్టంతా కలిసి చేయాలి. అందుకే ఇన్ని చెప్పుకున్నా చివరికి పిల్ల చేతికో తొడకో పడే ఆ సూదే మిగులుతుంది.

జబ్బు వస్తే ఏమవుతుందో దాచడంలో అర్థం లేదు. వైరస్ సోకిన ప్రతి 250 మందిలో సుమారు ఒకరికే జబ్బు తీవ్రంగా వస్తుంది, మిగతావాళ్లకి కొద్దిగా జ్వరం, తలనొప్పి వచ్చి పోతాయి, లేదా తెలియను కూడా తెలియదు. ఆ ఒక్కరికి మాత్రం తీవ్రమైన జ్వరం, తలనొప్పి, వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం. అలా వచ్చిన వాళ్లలో 20 నుంచి 30 శాతం చనిపోతారు. బతికిన వాళ్లలో 30 నుంచి 50 శాతం మందికి జీవితాంతం ఏదో ఒక లోపం ఉండిపోతుంది, చేయి పడిపోవడమో, మాట పోవడమో, చదువు ఎక్కకపోవడమో, మళ్లీ మళ్లీ ఫిట్సో. ఈ వైరస్‌ని చంపే మందు ఇప్పటికీ లేదు. ఫిట్స్ ఆపుతారు, మెదడు వాపు తగ్గిస్తారు, ఊపిరి ఆడేలా చూస్తారు, అంతే. మన దేశంలో దీన్ని 1955లో వేలూరులో మొదట గుర్తించారు, 1973లో బెంగాల్‌లోని బాంకురా, బర్ద్వాన్ వైపు పెద్దగా వచ్చింది, 1999లో అనంతపురంతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని చాలా జిల్లాల్లో వందల మందిని పడగొట్టింది. 2005లో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ చుట్టుపక్కల దాదాపు 6 వేల కేసులు, 1,300 మందికి పైగా మరణాలు. ఆ దెబ్బతో 2006లో మన దేశంలో పిల్లలకి పెద్ద ఎత్తున ఈ టీకా మొదలైంది. అంటే వేలూరులో కనిపించాక యాభై ఏళ్లు పట్టింది. అది తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

ఇక మూడున్నర ఎందుకు ఇచ్చానో. మొదటి కారణం, ఎందుకు వేస్తున్నారో ఎవరూ చెప్పరు. మా ఏఎన్ఎమ్ అక్క మంచిది కాబట్టి అడిగితే చెప్పింది, కానీ ఆమె మీద ఉన్న పని చూస్తే ప్రతి తల్లికీ కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎక్కడిది? గోడ మీద పోలియో పోస్టర్ ఉంది, డెంగీ పోస్టర్ ఉంది, దీనికి ఒక్కటి లేదు. రెండోది, స్టాకు. రెండో డోసుకి మేం వెళ్లిన బుధవారం వైల్స్ (టీకా సీసాలు) రాలేదు, మళ్లీ రమ్మన్నారు. నాకు ఇల్లు దగ్గర, మళ్లీ పోయాను. కూలి మానుకుని పక్క తండా నుంచి బిడ్డని ఎత్తుకొచ్చిన ఆమె పరిస్థితి అది కాదు. పొడి రకం టీకాతో ఇంకో చిక్కు, ద్రవం కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి, అందుకని నలుగురైదుగురు పిల్లలు పోగయ్యేదాకా ఆపే చోట్లు ఉన్నాయి. వృథా కాకూడదన్న బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలి. రెండు డోసులు పోయినా పరవాలేదు, వెనక్కి పంపిన తల్లి మళ్లీ వస్తుందని నమ్మకం లేదు.

మూడోది రెండో డోసు గుర్తు చేసే ఏర్పాటు. ఏడాదిన్నర వచ్చేసరికి పిల్లలు నడుస్తుంటారు, తల్లి మళ్లీ పనిలోకి పోతుంటుంది, టీకాలన్నీ అయిపోయాయన్న భావన వచ్చేస్తుంది. నా ఫోన్‌కి ఏ మెసేజూ రాలేదు, ఆశ వర్కర్ ఇంటికి వచ్చి చెప్తేనే పోయాం. ఆమె రాని ఇళ్లు ఏం కావాలి? మా వైపు ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి, పొలాల అంచునే గుడిసెలు, సాయంత్రం పిల్లలంతా బయటే. ఆ పిల్లల దగ్గర కార్డే ఉండదు. అందరికంటే ముందు టీకా పడాల్సింది వాళ్లకి. టీకాలు వేసే సెషన్ రోజున బట్టీ దగ్గరికే టీకాల డబ్బా తీసుకుపోతే అరపూట పని.

ప్రైవేటులో వేయించొచ్చా అంటే వేయించొచ్చు, ఏడాది దాటిన పిల్లలకి జెన్‌వ్యాక్, జీవ్ రెండూ ఉన్నాయి, 28 రోజుల తేడాతో రెండు డోసులు. మా చుట్టాలావిడ పట్నంలో ఒక క్లినిక్‌లో అడిగితే "మీకెందుకండీ, అది పల్లెటూరి జబ్బు" అని పంపేశారట. సెలవులకి, పండక్కి ఆ పిల్లలు వచ్చేది ఈ పల్లెకే, దసరా అంటే సరిగ్గా ఆ సీజనే. డాక్టర్‌కి ఆ మాట చెప్పి మళ్లీ అడగమన్నాను.

పట్నం పల్లె అనే కాదు, ఆస్ట్రేలియాకి కూడా పోయింది ఇది. 2022 మొదట్లో అక్కడ విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్, సౌత్ ఆస్ట్రేలియాల్లో పందుల ఫారాల్లో వైరస్ బయటపడింది, 40 మందికి పైగా జబ్బు పడ్డారు, ఏడుగురు పోయారు. అక్కడ ఉన్న మనవాళ్లు ముర్రే నది వైపు ఉంటున్నా, ఫారాల్లో పనిచేస్తున్నా అక్కడి ఆరోగ్య శాఖని అడగండి, అర్హత ఉన్నవాళ్లకి ఉచితంగా వేస్తున్నారు.

ఈ టీకా ఏం చేయదో కూడా తెలియాలి, లేకపోతే రేపు ఎక్కడైనా టీకా వేసిన బిడ్డకి ఫిట్స్ జ్వరం వస్తే టీకానే తప్పు పడతారు. మెదడువాపు తెచ్చేవి చాలా ఉన్నాయి. 2003 వేసవి చివర వరంగల్, కరీంనగర్ వైపు పిల్లలు గంటల్లో కోమాలోకి పోయి చనిపోతుంటే మొదట అందరూ జేఈ అనే అనుకున్నారు. పుణె వైరాలజీ సంస్థ వాళ్లు పరీక్షిస్తే చాందిపుర వైరస్ అని తేలింది, దోమ కాదు, ఇసుక ఈగ మోసేది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ ఏడాది 329 మంది పిల్లలకి వస్తే 183 మంది పోయారు. దానికి ఇప్పటికీ టీకా లేదు. గోరఖ్‌పూర్‌లో కూడా జేఈ టీకా వచ్చాక ఇంకా వస్తున్న కేసుల్లో చాలావాటికి స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) కారణమని తేలింది, దానికి మామూలు యాంటీబయాటిక్ సమయానికి పడితే చాలు. కాబట్టి టీకా వేయించినా సరే, జ్వరంతో పాటు ఫిట్స్, మత్తు, మాట తడబడటం కనిపిస్తే ఊళ్లో సూది వేయించుకుంటూ ఒక రోజు పోగొట్టకండి. నేరుగా పెద్దాసుపత్రికి, వెన్ను నీరు తీసి పరీక్ష చేసే చోటికి పోండి. వెన్ను నీరు తీస్తే నడుం పడిపోతుందన్న భయంతో ఒప్పుకోని వాళ్లని చూశాను. ఏ జబ్బో తేల్చడానికి ఆ పరీక్ష చాలా ముఖ్యం.

కడుపుతో ఉన్నవాళ్లకి, రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకి బతికున్న వైరస్ రకం వేయరు, ముందే డాక్టర్‌కి చెప్పండి. రెండో డోసు నెల దాటిపోయిందని, ఏడాది దాటిపోయిందని ఊరుకోకండి. జేఈ ఉన్న జిల్లాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకి తప్పిపోయిన డోసు వేస్తారు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. సెషన్లు బుధ, శనివారాల్లో. పోయే ముందు రోజు ఆశ వర్కర్‌కి ఫోన్ చేసి జేఈ వైల్స్ వచ్చాయా అని కనుక్కుని పోతే ఒక తిరుగుడు తప్పుతుంది.